ఇంజను సందు

మొగిలి వ్యాను కింద వెల్లకిలా పడుకుని కుడిచేతిని ఇంజను సందులోకి మోచేతిదాకా దూర్చాడు. లోపల ఏముందో కంటికి కనిపించదు. వేలికొసలతోనే వెతుక్కోవాలి. రేకు అంచుకు మణికట్టు కోసుకుపోతున్నా చేతిని వెనక్కి తీయలేదు. బోల్టు తల దొరికింది. పానా దాని మీద కూర్చోబెట్టి ఒక్క గుంజు గుంజాడు. పానా జారింది. పిడికిలి వెళ్లి ఇనుపగొట్టానికి బలంగా తగిలింది. చర్మం లేచిపోయి నెత్తురూ డీజిలూ కలిసి మోచేతి మీదుగా చంకలోకి కారాయి. చేతిని ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ దూర్చాడు.

యాభై దాటిన మనిషి. ఒంట్లో కండ కంటే నరాలే ఎక్కువ కనిపిస్తాయి. ముంజేతుల మీద గాట్లు, కాలిన మచ్చలు ఒకదాని మీద ఒకటి పేరుకుని అసలు చర్మం రంగేమిటో తెలియకుండా చేశాయి. వాటిలో ఏది ఏ బండి చేసిందో అతనికే గుర్తు లేదు. ఎడమచెవి వినపడదు. అది మాత్రం బండి చేసింది కాదు.

మాదాపూర్ నుంచి ఖాజాగూడ వెళ్లే దారిలో, బండరాళ్ల గుట్టను ఆనుకుని ఉంది ఆ షెడ్డు. మామూలు రోజుల్లో గుట్ట అవతల భవనాల పునాదుల కోసం రాళ్లు పేలుస్తుంటారు. పేల్చినప్పుడల్లా రేకుల కప్పు అదిరి గోడకు తగిలించిన పానాలు గలగలమంటాయి. ఆ రోజు పేలుళ్లు లేవు. బంద్. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు ఎలాగూ ఆగిపోయాయి. ఆ రోజు ఆటోలు కూడా లేవు. దూరంగా అద్దాల మేడలు మాత్రం ఎప్పటిలాగే ఎండను తిప్పికొడుతున్నాయి. వాటిలో పని ఆగలేదు. అందుకే ఊళ్లో కోపమంతా ఆ రోజు అటువైపు తిరిగింది.

వ్యాను రమేష్‌ది. పాలమూరు వైపు నుంచి వచ్చి, నడుపుకోవడానికి ఇదొక్కటే సంపాదించుకున్నాడు. మేడల్లో నేలలు తుడిచే ఆడవాళ్లను పొద్దున దింపి సాయంత్రం ఇళ్లకు చేరుస్తాడు. మొన్న ఎండాకాలం కోకాపేట ఎత్తు మీద దాని ఇంజను పట్టేసింది. కొత్తది పెట్టే స్తోమత లేక, పాడుబడిన మరో పెద్దబండి ఇంజను తెచ్చాడు. దాన్ని ఇందులో, డ్రైవరు పక్కన మూత కింద, కూర్చోబెట్టింది మొగిలే. పట్టని చోట రేకును సుత్తితో లోపలికి కొట్టి, గూడు తొలిచినట్టు తొలిచి పట్టించాడు. అంతా పట్టింది గానీ డీజిల్ పంపుకూ, పొగ బయటికి పోయే గొట్టానికీ నడుమ అరచేయి నిలువుగా పట్టేంత సందే మిగిలింది. డీజిల్ పైపు పంపులోకి ఎక్కాల్సింది ఆ సందులోంచే. అప్పటికి ఎలాగో వంచి బిగించాడు. ఇన్నాళ్లూ అదిరి అదిరి పైపు మూతి దగ్గర చీలింది. ఆ పొద్దున ఆడవాళ్లను దింపడానికి బయలుదేరబోతూ రమేష్ డీజిల్ వాసన పసిగట్టాడు. వాళ్లను నడిచి వెళ్లమని చెప్పి, సందుగొందులు పట్టుకుని బండిని షెడ్డుకు తెచ్చాడు.

నడిచి వెళ్లినవాళ్లలో మొగిలి భార్య బాలమ్మ కూడా ఉంది. పక్కింటి చెన్నమ్మతో కలిసి కొంగు నెత్తికి చుట్టుకుని మాదాపూర్ దాకా నడిచింది. బంద్ అని మానేస్తే మర్నాటి నుంచి రావద్దని కాంట్రాక్టరు చెప్పాడట. సాయంత్రం ఈ వ్యాను వెళ్లకపోతే వాళ్లు రాళ్ల మధ్య, పోలీసుల మధ్య తిరిగి నడుచుకుంటూ రావాలి.

షెడ్డు యజమాని లక్ష్మీనారాయణ సగం దించిన షెట్టర్ పక్కన స్టూలు వేసుకుని రోడ్డు చూస్తున్నాడు. నంద్యాల మనిషి. ఈ షెడ్డు పెట్టినప్పుడు బోర్డు మీద ఊరి పేరు కూడా రాయించుకున్నాడు. కిందటేడు ఎవరో దాని మీద రాయి వేశాక, ఊరి పేరున్నంత మేర తెల్లసున్నం పూశాడు. సున్నం పలచన. కాస్త పరికించి చూస్తే అక్షరాలు ఇంకా కనిపిస్తాయి.

"మొగిలీ, రబ్బరు పైపు ఏసి క్లిప్పు బిగించెయ్యప్పా. బండి ముందు ఈన్నించి పోనీ," అన్నాడు.

"రబ్బరు ఆగది సేటు. గొట్టం కాకకు ఉడుకుతది."

"రెండు దినాలన్నా ఆగదా? గొడవలు తగ్గినాక సక్కంగా చేస్తువులే."

మొగిలి వ్యాను కింద నుంచి బయటికి జరిగాడు. లేచి కూర్చుని, పెచ్చు లేచిన పిడికిలిని నోట్లో పెట్టుకుని డీజిల్ రుచి తగలగానే ఉమ్మేశాడు.

"ఆడోళ్లు ఇంజను మూత మీదనే కూసుంటరు సేటు," అన్నాడు.

లక్ష్మీనారాయణ మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. రబ్బరు మాట మళ్లీ ఎత్తకపోవడానికి కారణం ఇద్దరికీ తెలుసు. ఎండాకాలంలోనే, ఖాజాగూడ చెరువు మలుపులో ఒక క్యాబు కాలిపోయింది. మొగిలి ఇసుక బకెట్టు పట్టుకుని పరుగెత్తాడు. తలుపు రాలేదు. లోపలి మనిషి అరచేయి అద్దం మీద కొట్టుకుంటూ ఉంది, తర్వాత ఆగిపోయింది. అద్దం పగలగొట్టేసరికి బయటికి లాగడానికి ఏమీ మిగల్లేదు. మర్నాడు ఆ బొగ్గు ముద్దలో తల పెట్టి చూస్తే, పొగగొట్టానికి రబ్బరు పైపు ముక్క ఒకటి కాలిన తోలులా అంటుకుని ఉంది. ఏ షెడ్డువాడు వేశాడో మొగిలి అడగలేదు. ఆ రోజు నుంచి మాత్రం గొట్టం పక్కన రబ్బరు వేయలేదు.

ముందు అతను మోచేతిలా వంగిన ఇనుప ముక్క, ఎల్బో, పెట్టి చూశాడు. పైపు నేరుగా వచ్చి, ఎల్బోలో మలుపు తిరిగి పంపులోకి దిగుతుందని లెక్క వేసుకున్నాడు. బాగానే బిగిసింది. కానీ ఇంజను మూత వేయబోతే మూత కూర్చోలేదు. ఎల్బో వీపు పైకి పొడుచుకొచ్చి రేకును తన్నుతోంది. మూతను చేత్తో అదిమితే ఎల్బో పక్కకు వాలి గొట్టానికి ఆనుకుంది. మూత మీదికెక్కి బలంగా తొక్కితే సరిపోదా అన్నాడు రమేష్. మొగిలి తప్పు తనదేనన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్లీ కిందికి దూరి, బిగించినదంతా విప్పాడు. ఈసారి మణికట్టు రెండోవైపు కోసుకుపోయింది.

దెబ్బ తగిలినప్పుడు అరవకపోవడం అతనికి చిన్నప్పుడే అబ్బింది. అరవై తొమ్మిది ఉద్యమంలో, అతనింకా మీసం రాని పిల్లవాడుగా ఉన్నప్పుడు, వరంగల్‌లో ఊరేగింపు చూడ్డానికి వెళ్లిన అన్న తొడలో తూటాతో తిరిగొచ్చాడు. దవాఖానకు పోతే పట్టుకుంటారని ఇంట్లోనే పెట్టుకున్నారు. కాలు నల్లబడి అన్న చచ్చిపోయేదాకా, అరుపు బయటికి వినపడకుండా నోట్లో గుడ్డ కుక్కింది వాళ్ల తల్లి. ఆ గుడ్డ పట్టుకుని కూర్చోవడం మొగిలి పని.

పెద్దయ్యాక నర్సంపేట పల్లెల్లో ఆయిల్ ఇంజన్లు బాగు చేసేవాడు. ఒకసారి అడవిలో ఉండే అన్నలు వచ్చి జీపు ఆగిపోయిందని కళ్లకు గంతలు కట్టి తీసుకుపోయారు. బాగు చేసి వచ్చాడు. చేయనంటే వాళ్లు చంపేవాళ్లు. చేసినందుకు పోలీసులు పట్టుకుపోయారు. జీపు ఎక్కడుందని అడిగారు. కళ్లకు గంతలున్న మనిషికి తెలిసేది ఇంజను మాత్రమే. ఇంజను గురించి చెప్పాడు. వేళాకోళం చేస్తున్నాడనుకుని బూటుతో ఎడమచెవి మీద తన్నారు. ఆ వైపు లోకం ఆనాటితో మూసుకుపోయింది. వదిలిపెట్టాక, చంకలో పసివాడైన కొడుకు శ్రీనుతో ఉన్న బాలమ్మను వెంటబెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు.

దెబ్బలు తిన్న మనిషి దెబ్బలు కొట్టడని ఏమీ లేదు. శ్రీను బడి ఎగ్గొట్టి గుట్టల్లో తిరిగిన రోజుల్లో ఒకనాడు మొగిలి తెగిన ఫ్యాన్‌బెల్టు తీసుకుని వాణ్ని గోడకు అదిమి కొట్టాడు. బాలమ్మ అడ్డం వస్తే ఆమె చేతి మీద కూడా పడ్డాయి. వాడి వీపు మీద పళ్లు పళ్లుగా వాతలు తేలాయి. శ్రీను ఇప్పుడు పాతికేళ్లు దాటినవాడు. ఈనాటికీ తండ్రి ఎదుట చొక్కా విప్పడు.

మొగిలి గోడవార ఉన్న పాత సామాను డబ్బాలో చేయి పెట్టి కెలికాడు. ట్రాక్టరు పంపుది ఒక బాంజో దొరికింది. బాంజో అంటే నడుమ రంధ్రమున్న బోల్టు, దాన్ని చుట్టుకుని ఉంగరంలాంటి మూతి. డీజిల్ పక్క నుంచి ఆ ఉంగరంలోకి వచ్చి, బోల్టు కడుపులోంచి పంపులోకి దిగుతుంది. పైకి లేవదు, పక్కకు వాలదు. పంపును అంటిపెట్టుకుని చదునుగా పడుకుంటుంది. ఉంగరం కాస్త మందంగా ఉంటే ఆకురాయితో అరగదీశాడు. పాత రాగి వాషర్లు గట్టిపడి ఉన్నాయి. వాటిని ఇనుపచువ్వకు గుచ్చి గ్యాసుమంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి. మంట వెలిగించాడు. వాషరు నారింజరంగుకు తిరిగి నీళ్లలో చుయ్యిమంది.

అప్పుడు రోడ్డు మీద నినాదాలు వినిపించాయి. లక్ష్మీనారాయణకు ముందే వినిపించాయి. మొగిలి తల తిప్పి మంచిచెవి అటు పెట్టాకగానీ అతనికి తెలియలేదు.

ఊరేగింపు కంటే ముందు శ్రీను వచ్చాడు. షెట్టర్ కింద నుంచి వంగి లోపలికి దూరాడు. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుని ఉంది. కోకాపేటలో ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. సమ్మె మొదలయ్యాక టోపీ తీసి గేటుకు తగిలించి వచ్చేశాడు. పది రోజుల కింద అతని పక్కనే నిలబడ్డ స్నేహితుడి మోకాలిని పోలీసులు లాఠీలతో నుగ్గు చేశారు. ఆ కాలు ఇక వంగదని డాక్టర్లు చెప్పారు. అప్పటి నుంచి శ్రీను ఇంట్లో సరిగా తినడం లేదు, మాట్లాడటం లేదు.

"నాయినా, బండి బయటికి పంపియ్యి. లేకుంటే నువ్వే బయటికి రా. నా మాట ఎవ్వలు వింటలేరు," అన్నాడు.

"పైపు ఊడదీసిన బిడ్డ. స్టార్ట్ కాదు."

"ఆంధ్రోళ్ల షెడ్డుల ఆఫీసు బండి అని చెప్పిన్రు వాళ్లకు."

"ఇది రమేష్ బండి. మీ అమ్మ ఎక్కే బండి."

శ్రీను తండ్రి చేతిలోని రాగి వాషరు వైపు చూశాడు. తిరిగి షెట్టర్ కింద దూరి వెళ్లాడు. బయట అతను ఎవరితోనో వాదించడం, ఆ గొంతు పెద్ద గొంతుల్లో మునిగిపోవడం వినిపించింది. తర్వాత షెట్టర్ పెళపెళ పైకి లేచింది.

మొదటి రాయి వ్యాను ముందద్దానికి తగిలింది. రెండోది లక్ష్మీనారాయణ కనుబొమ మీద. అతను స్టూలుతో సహా వెనక్కి పడి, లేవబోయి, కంట్లోకి దిగిన నెత్తురును తుడుచుకుంటూ గోడకు జారిపోయాడు. ఎవరో గోడకున్న పానాలను చేతికందినంత లాగి విసిరారు. ఎవరో సానరాయి యంత్రాన్ని తన్ని పడగొట్టారు. లోపలికి వచ్చినవాళ్లు ఎక్కువ మంది కాదు. బయట అరుస్తున్నవాళ్లే ఎక్కువ. తలకు గుడ్డ కట్టుకున్న పొడుగాటి యువకుడొకడు వ్యాను కింద కారే డీజిల్ పట్టడానికి పెట్టిన రేకుతట్టలో గుడ్డపీలిక ముంచాడు. మొగిలి ఇంకా ఆర్పని గ్యాసుమంటకు దాన్ని తాకించాడు. అది భగ్గుమనలేదు. నల్లపొగతో నిదానంగా అంటుకుంది.

ఆ యువకుడు దాన్ని తను విసరలేదు. చువ్వకు చుట్టి శ్రీను చేతిలో పెట్టాడు.

"మీ నాయిన వీళ్ల దగ్గర పని చేస్తడంటివి. మరి నువ్వు ఎవ్వరి దిక్కో ఇప్పుడే తెల్వాలె," అన్నాడు.

శ్రీను చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. గుడ్డలోంచి మంటచుక్కలు నేల మీదికి రాలుతున్నాయి. అతని కళ్లు ఎక్కడా నిలవడం లేదు. స్నేహితుడి మోకాలు కళ్లలో మెదిలిందో, వెనక ఉన్నవాళ్ల అరుపులే తోశాయో, ఒక అడుగు వ్యాను వైపు వేశాడు.

వ్యాను లోపల రమేష్ ఉన్నాడు. రాళ్లు పడటం మొదలవగానే తలుపులు బిగించుకుని స్టీరింగును రెండు చేతులా కౌగిలించుకుని కూర్చున్నాడు. దిగమని మొగిలి అరిచాడు. దిగలేదు. దిగితే ఇక బండి ఉండదని అతని భయం. పగిలిన అద్దం వెనక అతని అరచేయి మాత్రం కనిపించింది. వద్దు వద్దని అద్దం మీద కొడుతోంది.

మొగిలి ఆ చేతిని చూశాడు. తన చేతిలో పెద్దపానా ఉంది. రెండంగల్లో కొడుకు దగ్గరికి వెళ్లి, బిగుసుకున్న బోల్టును కొట్టినట్టు, బలం దాచుకోకుండా, ఆలోచించకుండా, చువ్వ పట్టుకున్న మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డులో అందరికీ వినిపించింది. చువ్వ కింద పడింది. తట్టకు జానెడు దూరంలో పడ్డ మంటను మొగిలి చెప్పుకాలితో తొక్కాడు. చెప్పు అంటుకున్నా తొక్కుతూనే ఉన్నాడు. అది ఆరాక గ్యాసు కట్టేశాడు.

ఎవరూ కదల్లేదు. గుడ్డ కట్టుకున్న యువకుడు కూడా. శ్రీను అరవలేదు. మోకాళ్ల మీద కూర్చుండిపోయి, వేలాడుతున్న చేతిని ఇంకో చేత్తో ఎత్తి పట్టుకుని తండ్రినే చూస్తున్నాడు.

అంతలో బయట గుంపు చెదిరింది. ఏదో పేలిన చప్పుడు, వెంటనే ఘాటైన తెల్లటి పొగ. ముందు లోపలికి వచ్చింది పొగ, వెనకే పోలీసులు. షెడ్డులో ఉన్నవాళ్లలో రాళ్లు వేసినవాళ్లెవరో, రాళ్లు తిన్నవాళ్లెవరో వాళ్లు చూడలేదు. చూసే వీలు కూడా ఆ పొగలో లేదు. లాఠీలు వంగిన వీపుల మీద, పరుగెత్తే పిక్కల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద పడ్డాయి. పొడుగాటి యువకుడు వెనక గోడ దూకాడు. లేవలేకపోయింది శ్రీను ఒక్కడే. ఇద్దరు అతన్ని విరిగిన చేయి పట్టుకునే లాగారు. అప్పుడు అరిచాడు.

మొగిలి వెళ్లి కొడుకు మీద బోర్లా పడ్డాడు. చిన్నప్పుడు గోడకు అదిమి కొట్టిన వీపునే ఇప్పుడు తన ఛాతీ కింద కప్పుకున్నాడు. భుజాల మీద పడ్డ దెబ్బలను లెక్కచేయలేదు. ఒక దెబ్బ ఎడమవైపు నుంచి వచ్చింది. ఆ వైపు లాఠీ గాలిని కోస్తూ వచ్చే చప్పుడు అతనికి వినిపించలేదు. వినిపించి ఉంటే తల తిప్పేవాడేమో. చెవి వెనక పడింది.

పోలీసులు గుంపును తరుముతూ గుట్ట వైపు వెళ్లిపోయారు. పొగ పలచబడింది. లక్ష్మీనారాయణ కనుబొమకు తువ్వాలు అదిమి దగ్గుతున్నాడు. రమేష్ తలుపు తెరుచుకుని దిగి వచ్చాడు. మొగిలి లేచి నిలబడ్డాడు. కాసేపు గోడ పట్టుకున్నాడు. చెవి వెనక నుంచి నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి దిగుతోంది. చేయి పెట్టి చూసుకుని, తోలు చీలిందంతే అన్నాడు.

"పానా ఏది?" అని అడిగాడు.

రమేష్ వెతికి ఇచ్చాడు. చల్లార్చిన వాషర్లు నీళ్ల డబ్బాలోనే ఉన్నాయి. మొగిలి మళ్లీ వ్యాను కింద వెల్లకిలా పడుకుని చేయి సందులోకి దూర్చాడు. వాషరు, బాంజో, మళ్లీ వాషరు, బోల్టు. ఒకసారి బోల్టు వేళ్లలోంచి జారి ఛాతీ మీద పడింది. చాలాసేపు అది ఎక్కడ పడిందో తెలియనట్టు ఉండిపోయాడు. మళ్లీ తీసుకుని ఎక్కించాడు. బిగించాడు. బయటికి వచ్చి చేతిపంపు నొక్కి గాలి వదిలాడు. రమేష్ తాళం తిప్పితే బండి దగ్గి, మళ్లీ దగ్గి, పట్టుకుంది. మొగిలి వేలిని బాంజో చుట్టూ తిప్పి చూసి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొడిగా ఉంది. ఇంజను మూత వేశాడు. చప్పుడు లేకుండా కూర్చుంది.

శ్రీను చేతికి రెండు చెక్కబద్దలు ఆనించి, ఉతికిన గుడ్డ చింపి కట్టు కట్టింది మొగిలే. కడుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"నొప్పి శాన ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నది."

"దవాఖాన దాకా కట్టు ఇప్పకు. ఎముక జరుగుతది."

రమేష్ శ్రీనునూ లక్ష్మీనారాయణనూ బండిలో ఎక్కించుకున్నాడు. శ్రీను తలుపు దగ్గర ఆగాడు.

"నువ్వు గూడ రా నాయినా. నెత్తికి కుట్లు పడాలె."

"షెడ్డు తెరిచున్నది. మీరు పోండ్రి. నేను తర్వాత వస్త," అన్నాడు మొగిలి.

షెడ్డుకు తాళం వేసుకుని ఎక్కవచ్చు. బండిలో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. విరగ్గొట్టిన చేయి పక్కన అంతదూరం కూర్చుని వెళ్లడం అతని వల్ల కాలేదు. శ్రీనుకు అది అర్థమైందో లేదో. మంచిచేత్తో తండ్రి భుజాన్ని ఒక్కసారి పట్టుకుని వదిలి ఎక్కాడు. ఆ భుజం మీద చేయి వేయడం అతనికి ఊహ తెలిశాక అదే మొదలు.

వ్యాను వెళ్లిపోయాక మొగిలి పడ్డవన్నీ ఏరడం మొదలుపెట్టాడు. నాలుగు పానాలు గోడకు తగిలించి ఐదోది చేతిలోంచి వదిలేశాడు. వెనక గోడ దగ్గరికి వెళ్లి వాంతి చేసుకున్నాడు. డ్రమ్ములో నీళ్లు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. అప్పుడు చొక్కా గుర్తొచ్చింది. బాలమ్మ అంత నెత్తురు చూస్తే గాబరా పడుతుంది. చొక్కా విప్పి, చేతులు కడుక్కునే పచ్చసబ్బుతో భుజం దగ్గర, వీపు దగ్గర రుద్దాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. పారబోసి మళ్లీ రుద్దాడు. పిండి, ఇంజన్లు ఎత్తే కప్పీ గొలుసుకు ఆరేశాడు.

అక్కడ నిలబడలేకపోయాడు. ఏదో బండిలోంచి తీసి గోడవార వేసిన పొడుగు సీటు మీద, వినపడే చెవిని సీటుకు ఆనించి, పక్కకు తిరిగి పడుకున్నాడు. రోడ్డు మీద మళ్లీ ఏవో అరుపులు. ఆ వైపు లోకం కూడా మూసుకున్నాక అవేవీ అతని దాకా రాలేదు. కాసేపటికి ఊపిరి గురకలా మారింది. గురక పెద్దదైంది, ఎడం ఎడంగా వచ్చింది, ఆగిపోయింది. షెట్టర్ తెరిచే ఉంది. ఎండ షెడ్డులో సగం దాకా వచ్చి నిలిచింది.

రమేష్ ఇద్దర్నీ దవాఖానలో దింపి అక్కడి నుంచి మాదాపూర్ వెళ్లాడు. ఆడవాళ్లు మేడ వెనక గేటు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. పగిలిన అద్దం చూసి ముందు ఎవరూ ఎక్కలేదు. బాలమ్మే ఎక్కింది. శ్రీనుకు చేయి విరిగిందని రమేష్ చెప్పాడు. ఎవరు విరగ్గొట్టారో చెప్పలేదు. ఆమె ఇంజను మూత మీద కూర్చుని దారిపొడుగునా కొడుకు గురించే అడిగింది. మూత వెచ్చగా ఉంది. డీజిల్ వాసన లేదని చెన్నమ్మ అంది. మీ ఆయన గట్టిగా చేశాడని రమేష్ అన్నాడు.

షెడ్డు దగ్గర బండి ఆపితే బాలమ్మ దిగి లోపలికి వెళ్లింది. బనీనుతో పడుకున్న మనిషిని చూసి నిద్రపోతున్నాడనుకుంది. కాలిన చెప్పు చూసి కోపగించుకుంది. ఇంటికి పోదాం లేవమని రెండుసార్లు పిలిచి, వినపడే చెవి సీటుకేసి ఉందని గమనించి, పిలవడం మాని భుజం పట్టి కుదిపింది.

మర్నాడు ఉద్యమం వాళ్లు వచ్చారు. అమరుడి శవాన్ని ఊరేగింపుగా తీసుకుపోతామన్నారు. వాళ్లలో తలకు గుడ్డ కట్టుకున్న ఆ పొడుగాటి యువకుడు కూడా ఉన్నాడు, ఈసారి గుడ్డ లేదు. శ్రీను లేచి వాకిట్లోకి వచ్చి, మా నాయిన ఏ దిక్కూ పోలేదు, తన పని చేసుకుంటుండె, పోండ్రి అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. లక్ష్మీనారాయణ కనుబొమకు కట్టుతో వచ్చి పాడె ఒకవైపు పట్టాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కొరివి పట్టాల్సిన శ్రీను కుడిచేయి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. వేళ్లు మాత్రమే బయట ఉన్నాయి. రమేష్ కింద తన చేయి ఆనించి పట్టుకుంటే ఆ వేళ్లతోనే పెట్టాడు.

సమ్మె ముగిసి, గుట్ట అవతల రాళ్లు పేల్చడం మళ్లీ మొదలయ్యాక లక్ష్మీనారాయణ షెట్టర్ ఎత్తాడు. లోపల కప్పీ గొలుసుకు చొక్కా అలాగే వేలాడుతోంది. ఎండి, బిరుసెక్కి, చేతులు కొంచెం ముందుకు చాపి ఉంది. భుజం దగ్గర మరక పూర్తిగా పోలేదు. ఊడిపోయిన రెండో బొత్తాం చోట మొగిలి ఎప్పుడో చుట్టి బిగించుకున్న సన్నటి రాగితీగ ఉండ ఉంది.